విఫలమయ్యే దారినీ నడిపి చూడండి: డ్రైవర్లు రాయించే సంస్థల ఇంజనీరింగ్ అధిపతులకు బహిరంగ లేఖ

హార్డ్‌వేర్ తయారుచేసి, దానికి కెర్నల్ డ్రైవర్లు రాయించే సంస్థల ఇంజనీరింగ్ అధిపతులకు, టీమ్ లీడ్‌లకు,

నమస్కారం.

లినక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ నడిమి భాగంలో) డివైస్ డ్రైవర్ల, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే కోడ్ ముక్కల, మెమరీ బగ్గులు వెతికి సరిచేయడం నా పని. మీ సంస్థల నుంచి వచ్చే డ్రైవర్లు రోజూ చదువుతుంటాను. వాటిని రాసేవాళ్ల నైపుణ్యం మీద నాకు ఏ అనుమానమూ లేదు. చిప్‌లో ఏ రిజిస్టర్‌లో ఎప్పుడు రాయాలో, రాశాక ఎన్ని మైక్రోసెకన్లు ఆగాలో వాళ్లకు క్షుణ్ణంగా తెలుసు. అయినా ఆ కోడ్‌లో ఒక భాగంలో మాత్రం లోపాలు గుంపుగా కనబడతాయి. అడిగిన మెమరీ దొరకనప్పుడు, పరికరం పని మధ్యలో ఊడిపోయినప్పుడు, సగం మొదలుపెట్టిన ఏర్పాటును వెనక్కి తీసుకోవాల్సి వచ్చినప్పుడు నడిచే వరుసలు అవి.

ఈ లేఖను వాళ్లకు కాకుండా మీకు రాస్తున్నాను. డ్రైవర్ ‘అయిపోయింది’ అని ఎప్పుడు అనాలో తేల్చేది మీరే కదా. ప్రోబ్ (పరికరం కనబడగానే డ్రైవర్ ఏర్పాట్లు చేసుకునే దశ) విజయవంతమై, డేటా వచ్చి, డెమో నడిచిన రోజునే ఆ మాట అనేస్తున్నారు. ఇల్లలకగానే పండగ కాదు. విఫలమయ్యే దారుల్ని కూడా ఒక్కొక్కటిగా నడిపి చూసేదాకా ఆ డ్రైవర్ పూర్తయినట్టు లెక్కవేయకండి. నేను అడిగేది ఇదొక్కటే. ఎందుకు అడుగుతున్నానో వివరంగా చెబుతాను.

డ్రైవర్లలోనే బగ్గులు ఎక్కువన్నది నా ఒక్కడి అభిప్రాయం కాదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2001లో లినక్స్ కోడ్‌ను యంత్రంతో జల్లెడపట్టి, కొన్ని రకాల తప్పులు కెర్నల్‌లోని మిగతా భాగాలకన్నా డ్రైవర్లలో మూడు నుంచి ఏడు రెట్లు ఎక్కువ అని చూపించారు. అప్పటి నుంచి పనిముట్లు చాలా మెరుగయ్యాయి. కానీ పరిస్థితి వెనకున్న కారణం మారలేదు. కెర్నల్ షెడ్యూలర్‌ను ప్రతి యంత్రమూ ప్రతి క్షణమూ నడుపుతుంది. మీ డ్రైవర్ మీ చిప్ ఉన్నచోటే నడుస్తుంది. అందులోని వైఫల్యపు దారులైతే మీ ల్యాబ్‌లో కూడా నడవవు.

ఎందుకు నడవవో చూడండి. సాధారణంగా వాడే జీఎఫ్‌పీ కెర్నల్ ఫ్లాగ్‌తో (‘అవసరమైతే ఆగి అయినా ఇవ్వు’ అని చెప్పే గుర్తుతో) చిన్న అలొకేషన్, అంటే కొంచెం మెమరీ, అడిగితే, మెమరీ లేకపోయినా కెర్నల్ వెంటనే చేతులెత్తేయదు. పేజీలు ఖాళీ చేయిస్తుంది, ఆగుతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది, అవసరమైతే మెమరీ అయిపోయినప్పుడు దిగే ఓఓఎమ్ కిల్లర్‌ను పిలిచి ఏదో ఒక ప్రాసెస్‌ను చంపి అయినా ఇస్తుంది. ఎనిమిది పేజీల వరకు, అంటే 4 కేబీ పేజీలున్న యంత్రంలో 32 కేబీ వరకు, ఆచరణలో ఇదే తంతు. కాబట్టి మీ ఇంజనీర్ ‘నల్ (మెమరీ దొరకలేదనే సంకేతం) వస్తే వెనక్కి వెళ్లు’ అని రాసిన వరుస ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా నడవకపోవచ్చు. కంపైల్ అయింది, రివ్యూలో ఎవరో కళ్లతో చూశారు, అంతే. అలా అని అది ఎప్పటికీ నడవదనుకోకండి. ఓఓఎమ్ కిల్లర్ చంపబోతున్న ప్రాసెస్ తరఫున అడిగినప్పుడు విఫలం కావచ్చు. ఇంటరప్ట్‌లో అడిగే జీఎఫ్‌పీ అటామిక్ అలొకేషన్లకు ఆగి చూసే వీలే ఉండదు కనుక అవి ఇంకా తేలిగ్గా విఫలమవుతాయి. పెద్ద బఫర్ అయితే, నెలల తరబడి రీబూట్ లేకుండా నడిచిన పరికరంలో మెమరీ ముక్కలైపోయి, ఖాళీ ఉన్నా వరుసగా దొరకదు. మీ ల్యాబ్‌లో అప్పుడే బూట్ చేసిన బోర్డు మీద ఇవేవీ జరగవు. వాడేవాళ్ల చేతుల్లో జరుగుతాయి.

ఆ నడవని వరుసల్లో నాకు పదేపదే ఎదురయ్యేవి కొన్ని చెబుతాను. బఫర్‌ను పెంచడానికి కేరీఅలాక్ పిలిచి, ఫలితాన్ని నేరుగా పాత పాయింటర్‌లోనే వేస్తారు. అది నల్ ఇస్తే పాత బఫర్ చిరునామా పోయినట్టే, ఇక దాన్ని విడిచేవాడు లేడు. మామూలు ప్రోగ్రాంలో లీక్ ఆ ప్రోగ్రాం ముగియగానే తీరిపోతుంది. కెర్నల్‌లో లీకైన మెమరీ రీబూట్ దాకా తిరిగి రాదు. ప్రోబ్‌లో ఐదు వనరులు తీసుకుని, నాలుగోది విఫలమైతే మూడింటిని వెనకనుంచి వరుసగా విడవాలి. విడవడం ఎక్కడ మొదలవ్వాలో చెప్పే గోటూ లేబుళ్లు ఒక్క మెట్టు జరిగితే చాలు, తీసుకోనిదాన్ని విడుస్తారు లేదా తీసుకున్నదాన్ని మరిచిపోతారు. పాత కోడ్‌ను సగం డెవ్‌ఎమ్ ఫంక్షన్లకు (డ్రైవర్ ఊడగానే మెమరీ దానంతటదే విడుదలయ్యే పద్ధతికి) మార్చి, పాత కేఫ్రీని (చేత్తో విడిచే పిలుపును) అలాగే ఉంచేస్తే అదే మెమరీ రెండుసార్లు విడుదలవుతుంది.

పరికరాన్ని కెర్నల్ జాబితాలో చేర్చే డివైస్ రిజిస్టర్ అనే ఫంక్షన్ కథ ఇంకో మెట్టు పైన ఉంటుంది. అది విఫలమైతే ఆ స్ట్రక్చర్‌ను కేఫ్రీ చేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. చేయకూడదు. పిలిచిన క్షణం నుంచే దాని రిఫరెన్స్ లెక్క (ఎంతమంది వాడుతున్నారన్న లెక్క) మొదలైపోతుంది. విఫలమైనా సరే, పుట్ డివైస్‌తోనే వదలాలి. ఆ ఫంక్షన్ పైన ఉన్న వ్యాఖ్యలోనే ఈ హెచ్చరిక స్పష్టంగా రాసి ఉంది. అయినా ఈ తప్పుకు ప్యాచ్‌లు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి, ఎందుకంటే ఆ దారి నడిచిన రోజు లేదు, తప్పు బయటపడిన రోజూ లేదు.

మెమరీ దొరకకపోవడం ఒక ఎత్తు. దొరికిన మెమరీ ఎప్పటిదాకా బతకాలన్నది అంతకన్నా లోతైన సమస్య. ప్రోబ్‌లో డెవ్‌ఎమ్‌తో తీసుకుంటే డ్రైవర్ ఊడగానే కెర్నల్ తానే విడిచేస్తుంది, శుభ్రంగా ఉంటుంది. అందుకే అందరూ అన్నిటికీ దాన్నే వాడుతున్నారు. కానీ క్యారెక్టర్ డివైస్‌ను (ఫైల్‌లా తెరిచి వాడే పరికరాన్ని) ఒక ప్రోగ్రాం తెరిచి పట్టుకుని ఉండగా, యూఎస్‌బీ కేబుల్ ఎవరో లాగేశారనుకోండి. రిమూవ్ నడుస్తుంది, డెవ్‌ఎమ్ మెమరీ పోతుంది. ఆ ప్రోగ్రాం చేతిలో ఫైల్ డిస్క్రిప్టర్ ఇంకా ఉంది. అది తర్వాతి రీడ్ పిలవగానే మీ డ్రైవర్ విడిచేసిన మెమరీని తాకుతుంది. టైమర్లూ వర్క్‌క్యూలూ (తర్వాత చేయాల్సిన పనుల వరుసలు) ఇదే తీరు: వాటిని రద్దుచేసి, నడుస్తున్నది ముగిసేదాకా ఆగకుండా స్ట్రక్చర్‌ను విడిస్తే, కాసేపటికి అవి లేని చోట పని మొదలుపెడతాయి. విడిచిన మెమరీ ఖాళీగా కూర్చోదు. 100 బైట్లు అడిగితే కెర్నల్ 128 బైట్ల గడులున్న స్లాబ్‌లోంచి ఇస్తుంది, మీరు వదిలిన గడిని మరుక్షణం ఇంకో సబ్‌సిస్టమ్ తీసుకోవచ్చు. మీ డ్రైవర్ అప్పుడు రాసేది వాళ్ల డేటా మీద. అందుకే ఇలాంటి బగ్ మీ డ్రైవర్‌ను పడగొట్టకుండా, దానితో ఏ సంబంధమూ లేని ఫైల్‌సిస్టమ్‌లోనో నెట్‌వర్క్‌లోనో క్రాష్‌గా బయటపడుతుంది. ఎవరో వారాలపాటు తప్పుచోట వెతుకుతారు.

క్రాష్‌తో ఆగితే ఒక విధంగా మేలే. ఆండ్రాయిడ్‌లో ప్రాసెస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే బైండర్ డ్రైవర్ సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బైండర్ థ్రెడ్ అనే స్ట్రక్చర్ లోపల ఒక వెయిట్ క్యూ (ఎదురుచూసేవాళ్ల వరుస) ఉంటుంది, ఈపోల్ (ఒకేసారి చాలా ఫైళ్లను గమనించే కెర్నల్ సదుపాయం) దాన్ని పట్టుకుని ఉంటుంది. థ్రెడ్ నిష్క్రమిస్తున్నానని ఒక ఐఆక్టల్ (డ్రైవర్‌కు పంపే ఆదేశం) పిలిస్తే డ్రైవర్ ఆ స్ట్రక్చర్‌ను విడిచేసేది, ఈపోల్‌కు చెప్పకుండా. తర్వాత ఈపోల్ తన పేరు ఆ క్యూలోంచి తీసేసుకోబోయి, విడిచిన మెమరీలో రాసేది. సిజ్‌కాలర్ అనే ఫజ్జర్ (యాదృచ్ఛిక పిలుపులతో కెర్నల్‌ను పరీక్షించే పనిముట్టు) దీన్ని 2017లో పట్టుకుంది. 2018 ఆరంభంలో కొద్ది వరుసల ప్యాచ్‌తో సరిచేశారు. విడిచేముందు, ఎదురుచూస్తున్నవాళ్లకు చెప్పి క్యూలోంచి తప్పించడమే ఆ ప్యాచ్ చేసిన పని. కానీ అప్పుడు దానికి సీవీఈ సంఖ్య (భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఇవ్వలేదు, ఆండ్రాయిడ్ నెలవారీ భద్రతా బులెటిన్లలోకి ఆ ప్యాచ్ చేరలేదు. పాత కెర్నల్‌తో ఉన్న ఫోన్లు అలాగే ఉండిపోయాయి. 2019 అక్టోబరులో భద్రతా లోపాలు వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరో, ఈ లోపాన్ని నిజమైన దాడుల్లో వాడుతున్నట్టు సమాచారం ఉందని బయటపెట్టింది. సీవీఈ-2019-2215 అన్న సంఖ్య అప్పుడు వచ్చింది. మామూలు యాప్ ఫోన్ మొత్తాన్ని తన అధీనంలోకి తెచ్చుకోగల లోపం అది. ప్యాచ్ ఉండి కూడా ఏడాదిన్నరకు పైగా చాలా ఫోన్లకు చేరలేదు. ఇందులో నాకు బాధ కలిగించేది బగ్ ఉండటం కాదు. పరిష్కారం రాసినవాళ్ల దగ్గర ఆగిపోయి, వాడేవాళ్ల దాకా రాకపోవడం.

ఇక సరిచేసే తీరు గురించి. ఇందులో కొంచెం కటువుగా మాట్లాడాల్సి వస్తోంది. స్పిన్‌లాక్ (పట్టుకున్నంతసేపు నిద్రపోకూడని తాళం) పట్టుకుని ఉండగా జీఎఫ్‌పీ కెర్నల్‌తో మెమరీ అడిగితే, నిద్రపోకూడని చోట నిద్రపోయే ఫంక్షన్ పిలిచారని డీబగ్ కెర్నల్ లాగ్‌లో గట్టిగా అరుస్తుంది. నాకు వచ్చే ప్యాచ్‌లలో సగానికి సగం దీనికి ఒకటే మందు వేస్తాయి: ఆ పదాన్ని జీఎఫ్‌పీ అటామిక్‌గా మార్చడం. హెచ్చరిక పోతుంది. కానీ ఇప్పుడా అలొకేషన్ అత్యవసరానికి దాచిన మెమరీలోంచి తీసుకుంటోంది, పైగా మునుపటికన్నా తేలిగ్గా విఫలమవుతోంది, ఆ వైఫల్యపు దారిని ఎవరూ చూడలేదు. చాలా సందర్భాల్లో సరైన పని ఇంకోటి ఉంటుంది. లాక్ పట్టుకునేముందే మెమరీ తీసుకుని పెట్టుకుంటే చాలు. లాక్ లోపల పాయింటర్‌ను తగిలించడం తప్ప ఇంకేమీ ఉండదు. అవసరం లేదని తేలితే లాక్ వదిలాక విడిచేయవచ్చు. నాలుగు వరుసలు అటూ ఇటూ జరపాలి, ఆలోచించాలి. ఆ ఆలోచనకు మీ ప్రణాళికలో చోటు ఉండాలి.

అలాగే, విడిచిన పాయింటర్‌ను నల్ చేసి, వాడేచోట నల్ కాదేమో చూసి ‘సరిచేశాం’ అంటారు. ఇద్దరు ఒకేసారి ఆ దారిలో ఉంటే ఒకరు చూసిన తర్వాత, వాడేముందు, రెండోవారు విడిచేయవచ్చు. ఆ కిటికీ చిన్నదవుతుంది, మూసుకోదు. పైగా బగ్ మునుపటికన్నా అరుదుగా, అంటే పట్టుకోవడానికి మునుపటికన్నా కష్టంగా మారుతుంది. ఈ మెమరీకి యజమాని ఎవరు, చివరిగా వదిలేది ఎవరు అన్న ప్రశ్నకు కోడ్‌లో ఒకే ఒక సమాధానం ఉండాలి. రిఫరెన్స్‌లను కెర్నల్ కౌంటరైన కేరెఫ్‌తో లెక్క పెట్టండి, తెరిచి పట్టుకున్న ప్రతి ఫైలూ ఒక రిఫరెన్స్ తీసుకోవాలి, చివరి రిఫరెన్స్ పోయినప్పుడే విడుదల జరగాలి. పరికరం పోయిందని తెలిపే గుర్తు వేరు, మెమరీ ప్రాణం వేరు. ఈ రెండింటినీ కలపడం వల్లే సగం యూజ్ ఆఫ్టర్ ఫ్రీలు (విడిచిన మెమరీని వాడే బగ్గులు) పుడుతున్నాయని నా నమ్మకం.

సైజు లెక్కల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, పరిష్కారం చేతిలోనే ఉంది. యూజర్ ప్రోగ్రాం పంపిన సంఖ్యను 16 బైట్ల స్ట్రక్చర్ సైజుతో గుణించి మెమరీ ఇచ్చే ఫంక్షన్ కేమలాక్‌కు ఇచ్చారనుకోండి. అతను 268435457 పంపితే లబ్ధం 4294967312. అది 32 బిట్లలో పట్టదు, మిగిలేది 16. ఒక్క ఎంట్రీకి చోటు తీసుకుని, కోట్ల ఎంట్రీలు రాయడానికి సిద్ధమవుతుంది మీ లూప్. కేమలాక్ అర్రే, కేకలాక్, స్ట్రక్ట్ సైజ్ ఈ పొంగును తామే పట్టుకుంటాయి. చేత్తో గుణించే వరుస కొత్త కోడ్‌లో ఒక్కటి కూడా ఉండకూడదు. యూజర్‌కు కాపీ అయ్యే ప్రతి స్ట్రక్చర్‌కూ సున్నాలు నింపి ఇచ్చే కేజెడ్‌అలాక్ వాడండి. లేకపోతే ఫీల్డుల మధ్య ప్యాడింగ్‌లో (ఖాళీ బైట్లలో) మిగిలిన కెర్నల్ డేటా బయటికి పోతుంది.

ఇప్పుడు, విఫలమయ్యే దారిని నడిపించడం ఎలా అన్నది. పనిముట్లన్నీ కెర్నల్‌లోనే ఉన్నాయి, ఉచితం. పరీక్ష కెర్నల్‌లో కేఏశాన్ (మెమరీని తప్పుగా తాకితే పట్టేది), కేమెమ్‌లీక్ (లీకులు వెతికేది), లాక్‌డెప్ (లాక్‌ల తప్పులు పట్టేది), అటామిక్ స్లీప్ డీబగ్ ఆన్ చేయండి. వాటితో పాటు అలొకేషన్లను కావాలని విఫలం చేసే ఫాల్ట్ ఇంజెక్షన్, ఫెయిల్‌స్లాబ్ కూడా. ప్రతి టాస్కుకూ ప్రాక్ డైరెక్టరీలో, ఎన్నో అలొకేషన్ విఫలం కావాలో చెప్పే ఫెయిల్-ఎన్త్ అనే ఫైలు కనిపిస్తుంది. అందులో 1 రాసి, అదే టాస్కుతో సిస్‌ఎఫ్‌ఎస్‌లోని బైండ్ ఫైల్‌లో (డ్రైవర్‌ను పరికరానికి తగిలించేది) మీ పరికరం పేరు రాయండి. ఆ టాస్కు ఆ తర్వాత అడిగే మొదటి అలొకేషన్ విఫలమవుతుంది, సంఖ్య పెంచుతూ పోతే మీ ప్రోబ్‌లోని అలొకేషన్ల వంతు వస్తుంది. తర్వాత 2, తర్వాత 3. వైఫల్యం తగలకుండా ప్రోబ్ పూర్తయ్యేదాకా పెంచుకుంటూ పోండి. బైండ్ అయిన ప్రతిసారీ అన్‌బైండ్ చేయండి, మధ్యమధ్య కేమెమ్‌లీక్‌ను స్కాన్ చేయించండి. ఒక జాగ్రత్త: ఫెయిల్‌స్లాబ్ డైరెక్టరీలో ఇగ్నోర్-జీఎఫ్‌పీ-వెయిట్ అనే అమరిక మామూలుగా ‘వై’ మీద ఉంటుంది, అలా ఉన్నంతకాలం జీఎఫ్‌పీ కెర్నల్ అలొకేషన్లకు వైఫల్యం తగలదు. దాన్ని ‘ఎన్’ చేయకుండా రాత్రంతా పరీక్ష నడిపి, ఒక్క లోపమూ లేదని సంతోషించిన టీమ్‌లను చూశాను. వర్క్‌క్యూలో జరిగే అలొకేషన్లు వేరే టాస్కువి కాబట్టి ఫెయిల్-ఎన్త్‌కు చిక్కవు. వాటికి ఫెయిల్‌స్లాబ్‌లోని సంభావ్యత అమరికలు వాడాలి.

అలొకేషన్ల తర్వాత ఊడబీకడం. పరికరం ఫైల్‌ను తెరిచి రీడ్‌లో ఆగి ఉన్న ప్రోగ్రాం ఒకటి, అదే సమయంలో అన్‌బైండ్ చేసే ప్రోగ్రాం ఇంకొకటి. ఈ రెండూ లూప్‌లో నడవనివ్వండి, కేఏశాన్ చూసుకుంటుంది. ఈ పరీక్ష రాయడానికి చిప్ గురించి ఏమీ తెలియనక్కర్లేదు. ఒకసారి రాస్తే మీ డ్రైవర్లన్నిటికీ పనికొస్తుంది. విడుదల చేసే కెర్నల్‌కు కేఏశాన్ బరువు ఎక్కువే, ఒప్పుకుంటాను. దానికోసమే 2021లో కెర్నల్ 5.12తో కేఫెన్స్ వచ్చింది. అలొకేషన్లలో కొన్నిటినే నమూనాగా కాపలా కాస్తుంది కాబట్టి, అమ్మిన పరికరాల్లో కూడా ఆన్‌లో ఉంచవచ్చు.

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష వస్తోంది కదా, అన్నీ అందులో తీరతాయి అని మీలో కొందరు అంటారు. 2022లో 6.1 వెర్షన్‌తో కెర్నల్‌లోకి వచ్చింది, అలొకేషన్ ఫలితాన్ని చూడకుండా ముందుకు పోనివ్వదు, అది మంచి సంగతే. కొత్త డ్రైవర్లు అందులో రాయండి. ఇప్పటికే అమ్మిన పరికరాల్లో ఉన్నది సీ కోడే, వాటిని వాడేవాళ్లు ఇంకా చాలా ఏళ్లు వాడతారు.

చివరిగా ప్యాచ్ చేరవేయడం. బగ్‌ను సరిచేసినప్పుడు ఏ కమిట్‌తో అది వచ్చిందో ఫిక్సెస్ ట్యాగ్‌లో రాయమని, స్టేబుల్ శాఖలకు (పాత వెర్షన్లకు సవరణలు అందించేవి) పంపమని మీ వాళ్లకు నియమం పెట్టండి. ‘చిన్న శుభ్రత’ అన్న శీర్షికతో యూజ్ ఆఫ్టర్ ఫ్రీ పరిష్కారాన్ని పంపితే దాన్ని పాత కెర్నల్‌లోకి తీసుకోవాలని ఎవరికీ తోచదు. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నల్ బృందమే సీవీఈ సంఖ్యలు ఇస్తోంది. మీ డ్రైవర్ మీద సంఖ్య వస్తే దాన్ని పరువు నష్టంగా చూడకండి. డ్రైవర్‌ను ప్రధాన కెర్నల్ బయటే మీ సొంత శాఖలో ఉంచుకుంటే ఈ చూపులేవీ దాని మీద పడవు, ఫజ్జర్లు దాన్ని నడపవు, సరిచేసేవాళ్లు దాన్ని తెరవరు. అలాంటి డ్రైవర్లున్న పరికరాల గురించే నాకు ఎక్కువ దిగులు.

మీ తర్వాతి డ్రైవర్‌కు షెడ్యూల్ వేసేటప్పుడు, ప్రోబ్ నడిచిన రోజుకూ విడుదల రోజుకూ మధ్య ఈ పరీక్షలకు సమయం కేటాయించండి. అందులో బయటపడే బగ్గుల సంఖ్యను రాసినవాళ్ల పనితీరుకు కొలమానంగా వాడకండి, వాడితే వెతకడం మానేస్తారు. డ్రైవర్‌ను పంపేటప్పుడు ప్యాచ్ వివరణలో రెండు వాక్యాలు చేర్చమనండి: ఫెయిల్-ఎన్త్ ఎంతదాకా నడిపారో, తెరిచి ఉండగా అన్‌బైండ్ చేస్తే ఏమైందో. ఆ రెండు వాక్యాలున్న ప్యాచ్‌ను నేను ముందుగా చదువుతాను.

ఇట్లు,
డ్రైవర్ల మెమరీ బగ్గులు సరిచేసే ఒక కెర్నల్ ఇంజనీర్